చదివానని చెప్పిన రెండో భాగం

మీ దగ్గర దాచడమెందుకు, చదవని పుస్తకాన్ని చదివానని చెప్పే అలవాటు నాకు చాలా ఏళ్లుగా ఉంది. మీకూ ఉండే ఉంటుంది. నలుగురు కూర్చుని ఏదో నవల గురించి మాట్లాడుకుంటుంటారు. అందులో ఒకరు మనవైపు తిరిగి, "మీరు చదవకుండా ఉంటారా!" అంటారు. ఎంత గౌరవంగా అంటారంటే, ఆ గౌరవాన్ని అప్పటికప్పుడు వదులుకోవడానికి మనసొప్పదు. తల ఊగిపోతుంది. ఊపిన తలను నిలబెట్టుకోవడానికి ఇంకో రెండు మాటలు, ఆ రెండింటినీ నిలబెట్టడానికి మరో నాలుగు. అట్టమీద ఉన్నదీ, సినిమాలో చూసిందీ, ఎవరో అంటుంటే విన్నదీ కలిసి ఓ అభిప్రాయం తయారవుతుంది. కొన్నాళ్లు పోయాక అది చదివి సంపాదించుకున్న అభిప్రాయమేనని మనమే నమ్ముతాం.

నా విషయంలో ఆ పుస్తకం 'హారీ పోటర్ అండ్ ద చేంబర్ ఆఫ్ సీక్రెట్స్'. ఏడు భాగాల కథలో రెండోది. 1998 జూలై 2న ఇంగ్లండ్‌లో బ్లూమ్స్‌బరీ సంస్థ వేసింది. హాగ్వార్ట్స్ అనే మంత్రవిద్యల హాస్టల్ బడి, అందులో పన్నెండేళ్ల పిల్లలు, గోడమీద బెదిరింపు రాతలు, ఒకరి తర్వాత ఒకరు రాయిలా బిగుసుకుపోయి దొరకడం, ఎవరు చేస్తున్నారో అంతుపట్టకపోవడం. దయ్యాల కథ, నేరపరిశోధన కథ, హాస్టల్ కథ మూడూ అందులో ఉన్నాయి. దాన్ని చదివానని మొట్టమొదట ఎవరితో చెప్పానో గుర్తులేదు. చదవలేదని మాత్రం నాకు ఎప్పుడూ తెలుసు.

చదవకపోవడానికి నా దగ్గర రెండు కారణాలుండేవి. రెండూ గర్వంలోంచి పుట్టినవే. మొదటిది చందమామ. దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'పాతాళదుర్గం', 'రాకాసిలోయ' చదివి పెరిగినవాణ్ణి. వాటికి చిత్రాగారు వేసిన బొమ్మలు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తాయి. మాంత్రికుడంటే ఏమిటో, కొండగుహంటే ఏమిటో, శాపమంటే ఏమిటో నాకు ఇంగ్లీషువాళ్లు కొత్తగా చెప్పాలా అనుకునేవాణ్ణి. పరాయి భాష పిల్లల పుస్తకాన్ని చదవకుండానే చిన్నచూపు చూసే హక్కు ఆ చిన్ననాటి చదువు నాకిచ్చిందని గట్టిగా నమ్మాను.

రెండోది ఓ సిద్ధాంతం. ఏ కథకైనా రెండో భాగం మొదటిదానికి డబ్బులొచ్చాక పుట్టేదేనని, అందులో కొత్త సరుకుండదని నేను సాహితీసభల్లో చెప్పేవాణ్ణి. మన దగ్గరే 'తులసిదళం' తర్వాత యండమూరి 'తులసి' రాస్తే జనం దాన్నీ విరగబడి చదివారు. ఆ సంగతి నా సిద్ధాంతానికి అడ్డొస్తుందని తెలిసీ పక్కకు నెట్టేశాను. సిద్ధాంతం చెబితే ఎదుటివాళ్లు తలాడిస్తారు. ఉదాహరణలు చెబితే ఎదురు ప్రశ్న వేస్తారు. అందుకని సిద్ధాంతం దగ్గరే ఆగేవాణ్ణి.

హారీ పోటర్ మొదటి భాగం మాత్రం నిజంగానే చదివాను. తెలుగులో 'పరుసవేది' పేరుతో వచ్చింది. ఒప్పుకోవడానికి మొదట కష్టమైనా, చాలా ఇష్టపడ్డాను. రెండో భాగం దగ్గరకొచ్చేసరికి టీవీలో సినిమా వేశారు. కూర్చుని చూసేశాను. ఇక పుస్తకమెందుకు?

సరిగ్గా ఈ పుస్తకం మీదే మాట్లాడమని పిలుపొచ్చింది. నాకు చెల్లెలి వరసయ్యే ఆవిడ ఓ బాలికల గురుకులంలో లైబ్రరీ చూస్తుంది. ఫోన్ చేసి, "అన్నయ్యా, మా పిల్లలు పోటీలుపడి రెండో భాగం చదివారు. దానిమీదే మాట్లాడాలి. నువ్వు చదివే ఉంటావుగా?" అంది.

"అదేం మాటమ్మా, ఎప్పుడో చదివాను" అన్నాను.

అప్పటికైనా టైముంది. పుస్తకం కొన్నాను. మొదటి బ్రిటిష్ ముద్రణలో అది 251 పేజీల పుస్తకం. రాత్రుళ్లు కూర్చుంటే ఎవరైనా ముగించగలిగేదే. టేబుల్ మీద పెట్టాను. రోజూ చూస్తున్నాను. చదవడానికి బదులు దాని చుట్టూ ఉన్నవన్నీ పోగుచేయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో హాస్టల్ బడి కథలకు పెద్ద చరిత్రే ఉంది. థామస్ హ్యూస్ 1857లో రగ్బీ బడి నేపథ్యంగా 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' రాశాడు. ఎనిడ్ బ్లైటన్ 1946లో 'మాలరీ టవర్స్' మొదలుపెట్టింది. జిల్ మర్ఫీ 1974లోనే మంత్రగత్తెల బడి పెట్టి 'ద వర్స్ట్ విచ్' రాసింది. సినిమా తీసింది క్రిస్ కొలంబస్ అని, బడి హెడ్మాస్టర్ డంబుల్‌డోర్ వేషం వేసిన రిచర్డ్ హారిస్ 2002 అక్టోబర్ 25న, సినిమా విడుదలకు మూడు వారాల ముందు కన్నుమూశాడని కూడా రాసుకున్నాను. ఇవన్నీ నిజాలే. పుస్తకం లోపల ఏముందో తప్ప, దాని గురించి తెలుసుకోదగినవన్నీ తెలుసుకున్నాను. పైగా ఆ రోజు కోసం కొత్త లాల్చీ కుట్టించాను. రెండుసార్లు వేసుకుని అద్దంలో చూసుకున్నాను కూడా.

గురుకులంలో సాయంత్రం టిఫిన్ అయ్యాక, స్టడీ అవర్‌కి ముందు సభ. డైనింగ్ హాల్లో తరగతులవారీగా పిల్లలు కింద కూర్చున్నారు. ఒళ్లో నోటుపుస్తకాలు, చేతుల్లో పెన్నులు. నేను చెప్పేది రాసుకోవడానికి! ఆ పెన్నులు చూసేసరికి నా ఛాతీ నాలుగు అంగుళాలు పెరిగింది. 1971లో పి.వి. నరసింహారావుగారి చొరవతో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం వచ్చిన సంగతితో మొదలుపెట్టాను. అక్కణ్ణుంచి రగ్బీకి, రగ్బీ నుంచి హాగ్వార్ట్స్‌కి వచ్చాను. నవోదయ బడుల్లో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని హౌస్‌లుంటాయి, హాగ్వార్ట్స్‌లోనూ నాలుగే అన్నాను. పిల్లలు నవ్వారు. లోపల పొంగిపోయాను.

అక్కడితో ఆపినా బాగుండేది. తీర్పు చెప్పకుండా కూర్చుంటే ప్రసంగమెలా అవుతుంది?

"కానీ పిల్లలూ, రెండో భాగం మొదటిదానంత కాదు" అన్నాను. "ఎందుకో తెలుసా? డిటెక్టివ్ కథకి కొన్ని నియమాలుంటాయి. నేరం ఎవరు చేశారో పాఠకుడికి తెలియడానికి క్లూలు ముందే ఇవ్వాలి. ఇందులో ఇవ్వలేదు. చివర్లో హఠాత్తుగా జిన్నీ అని చెప్పేస్తారు. అది రచయిత్రి చేసిన మోసం."

మోసం! ఆ మాటే వాడాను. పెన్నులు కదిలాయి. చప్పట్లు కూడా కొట్టారు, పాపం.

"ప్రశ్నలుంటే అడగండి" అంది మా చెల్లెలు.

ఏడో తరగతి అమ్మాయి లేచి చేతులు కట్టుకుంది. "సార్, నిక్ డెత్‌డే పార్టీకి హారీవాళ్లు వెళ్లకపోతే హారీమీద ఎవరికీ అనుమానం వచ్చేది కాదు కదా సార్?"

డెత్‌డే పార్టీ ఏమిటి? నేనెక్కడా చూడలేదు. చూడకపోవడమంటే సినిమాలో చూడకపోవడం. తెలియదని చెప్పడానికి అదొక్కటే మంచి అవకాశం. జారిపోయింది.

"అది ఇందులో లేదమ్మా. వేరే భాగంలోది నువ్వు కలిపేసుకున్నట్టున్నావు" అన్నాను. నవ్వుతూ, ఎంతో ప్రేమగా అన్నాను.

"సారీ సార్" అని కూర్చుంది.

వెంటనే ఇంకో చెయ్యి. "సార్, పెర్సీ మధ్యలో రాకపోతే జిన్నీ నిజం చెప్పేసేదా సార్?" పెర్సీ ఎక్కడొచ్చాడు, ఎప్పుడొచ్చాడు? "పెర్సీది అంత ముఖ్యమైన పాత్ర కాదు" అన్నాను. ఇంకో చెయ్యి. "వాలెంటైన్స్ డే రోజు పుస్తకాలన్నిటికీ సిరా అంటి, డైరీకి మాత్రం అంటలేదు. అది క్లూ కాదా సార్?" గొంతు ఎండిపోయింది, మంచినీళ్లు తాగాను. ఇంకో చెయ్యి. "పెనెలోపీ కూడా రాయైపోయింది కదా, ఆమె దగ్గరకు అద్దం ఎలా వచ్చింది సార్?" పెనెలోపీ ఎవరు తల్లీ! లాల్చీ వీపుకి అంటుకుపోయింది. ఏదో అన్నాను, ఏమన్నానో నాకే తెలియదు. ఇంతలో ముందు వరసలోంచి ఐదో తరగతి చిట్టిపిల్ల లేచింది. లైబ్రరీ కాపీ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. విషయసూచిక తెరిచి, ఎనిమిదో అధ్యాయం మీద వేలు పెట్టి, నా కళ్లలోకి చూసింది. 'ద డెత్‌డే పార్టీ'. అధ్యాయం పేరే అది. హాల్లో ఒక్క చప్పుడు లేదు. మా చెల్లెలు నన్ను చూస్తోంది. అప్పుడు, ఇక అంతా అయిపోయాక కూడా, నేనన్న మాట వినండి:

"ఓహో, కొత్త ఎడిషన్‌లో చేర్చినట్టున్నారు."

ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మొదట ప్రశ్న అడిగిన ఏడో తరగతి అమ్మాయి మాత్రం పక్కపిల్ల చేతిలోంచి పుస్తకం తీసుకుని పేజీలు తిప్పుతోంది. తను చదివింది నిజంగా ఉందో లేదో చూసుకుంటోంది. కళ్లారా చదివిన పిల్ల, ఓ పెద్దమనిషి లేదన్నాడని తన కళ్లనే అనుమానించింది. మెస్ గంట కొట్టారు, బతికిపోయాను. కానీ ఆ పిల్ల పేజీలు తిప్పడం ఇవాళ్టికీ నా కళ్లముందు నుంచి పోలేదు.

అబద్ధం చెప్పినందుకు సిగ్గుపడాలి, నిజమే. అబద్ధాలు అందరం చెబుతాం, అవి ఎక్కువగా మన పరువు దగ్గరే మొదలై అక్కడే ముగుస్తాయి. ఇది అలాంటిది కాదు. నా పరువు కాపాడుకోవడానికి ఓ చిన్నపిల్ల చదువుని తప్పన్నాను. అది ఎంత పెద్ద తప్పో పుస్తకం చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం కూడా సరిగా తినకుండా మొదలుపెట్టాను. తెల్లారేదాకా చదివాను. మర్నాడు మళ్లీ మొదటినుంచి చదివాను. ఇక్కడ కథ రహస్యాలన్నీ బయటపెట్టాల్సి వస్తోంది, మన్నించండి. అవి చెప్పకపోతే ఆ పిల్లలు ఎంత బాగా చదివారో మీకు తెలియదు.

ముందు ఆ డెత్‌డే పార్టీ. తల పూర్తిగా తెగని దయ్యం నిక్, తను చచ్చిపోయి 500 ఏళ్లు నిండినందుకు నేలమాళిగలో విందు ఇస్తాడు. 1492 అక్టోబర్ 31న పోయాడు. మెడ పూర్తిగా తెగలేదు కాబట్టి తల తెగిన దయ్యాల జట్టు వాణ్ణి చేర్చుకోదు. చచ్చాక కూడా వాడికి ఆ బాధ పోలేదు. కుళ్లిన చేపలు, బూజుపట్టిన వంటకాలు, రంపంకోత లాంటి సంగీతం. హారీ, అతని స్నేహితులు రాన్, హెర్మాయినీ ఇచ్చిన మాట కోసం అక్కడికి వెళతారు. మిగతా బడి అంతా పైన పండగ భోజనాల్లో ఉంటుంది. అందుకే గోడమీద మొదటి రాత, బిగుసుకుపోయిన పిల్లి దొరికిన చోట ఈ ముగ్గురే ముందు కనిపిస్తారు. పార్టీకి వెళ్లకపోతే వాళ్లూ భోజనాల దగ్గరే ఉండేవాళ్లు, హారీమీద అనుమానమే పుట్టేది కాదు. ఏడో తరగతి అమ్మాయి అడిగింది అదే. నవల కీలు ఎక్కడుందో పట్టుకుని అడిగింది. అది లేనే లేదన్నాను నేను.

ఆ పార్టీకి హారీ ఎందుకు ఒప్పుకున్నాడు? అంతకుముందు బడి కాపలాదారు ఫిల్చ్ చేతికి చిక్కితే నిక్ కాపాడాడు. ఎలా? అల్లరిదయ్యం పీవ్స్‌ని ఉసిగొల్పి ఫిల్చ్ గది నెత్తిన ఓ పెద్ద బీరువా పడేయించాడు. ఆ బీరువా విరిగిపోతుంది. చదువుతుంటే చిన్న అల్లరిలా వెళ్లిపోయే విషయం. ఆరో భాగం 2005లో వచ్చింది. అందులో హారీ అంటే పడని తోటి విద్యార్థి డ్రాకో అదే బీరువాను బాగుచేసి, దాని జోడు బీరువాలోంచి శత్రువుల్ని బడిలోకి రప్పిస్తాడు. ఆ జోడు బీరువా కూడా ఈ రెండో భాగంలోనే ఉంది. ఓ దుకాణంలో హారీ దాక్కునేది అందులోనే. ఏడేళ్ల తర్వాత వచ్చే పుస్తకానికి ఇక్కడ పునాది వేసిపెట్టారు. జిన్నీకి దొరికే డైరీ అసలు ఏమిటో కూడా ఆరో భాగం చదివాకే తెలుస్తుంది. రెండో భాగంలో కొత్త సరుకుండదని ఇన్నేళ్లూ సభల్లో చెప్పినవాణ్ణి నేను.

ఇక క్లూలు. మోసమన్నానే, ఇంత నిజాయితీగా పాఠకుడి ముందు అన్నీ పరిచిన డిటెక్టివ్ కథ తక్కువగా చూశాను. గోడల్లోని గొట్టాల వెంట తిరుగుతున్నది బాసిలిస్క్ అనే పాము. దాని కళ్లలోకి సూటిగా చూస్తే చావే. కానీ ఈసారి బడిలో ఎవరూ చావలేదు. ఎందుకంటే బతికున్నవాళ్లెవరూ సూటిగా చూడలేదు. పిల్లి నేలమీద నిలిచిన నీళ్లలో నీడ చూసింది. పిల్లల్లో కోలిన్ కెమెరాలోంచి చూశాడు. జస్టిన్ నిక్ దయ్యంలోంచి చూశాడు. నిక్ సూటిగానే చూశాడు, కానీ చచ్చినవాడు మళ్లీ చావలేడు. హెర్మాయినీ, పెనెలోపీ అద్దంలో చూశారు. నీళ్లు, కెమెరా, దయ్యం, అద్దం అన్నీ జరిగినప్పుడే మనకు చూపిస్తుంది రచయిత్రి. మనమే కలుపుకోం. 50 ఏళ్ల కిందట చచ్చిపోయి, ఆడపిల్లల బాత్రూంలోనే దయ్యమై ఏడుస్తూ ఉండే మర్టిల్‌ని, నువ్వెలా చచ్చిపోయావని చివరిదాకా ఎవరూ అడగరు. అడిగిన రోజున రహస్యం తేలిపోతుంది.

జిన్నీ సంగతి అంతకన్నా. రాన్ చెల్లెలు, పదకొండేళ్ల పిల్ల, హాస్టల్లో మొదటి ఏడాది. పాత పుస్తకాల మధ్య ఓ ఖాళీ డైరీ దొరుకుతుంది. అందులో రాస్తే అది తిరిగి జవాబిస్తుంది. అన్నలు ఏడిపిస్తున్నారని, సెకండ్‌హ్యాండ్ పుస్తకాలతో వచ్చానని, హారీకి తనంటే ఇష్టం లేదని అన్నీ దానికి చెప్పుకుంటుంది. అది ఓపిగ్గా వింటుంది. విని విని ఆ పిల్లను లోబరుచుకుంటుంది. వాలెంటైన్స్ డే రోజు హారీ సంచి చిరిగి సిరా ఒలికినప్పుడు, డైరీని అతని దగ్గర చూసి జిన్నీ బెదిరిపోయిన సంగతి పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆఖరికి ఓ పొద్దున ధైర్యం తెచ్చుకుని హారీ, రాన్‌ల పక్కన కూర్చుని నోరు తెరుస్తుంది. అప్పుడే పెర్సీ వస్తాడు. పెనెలోపీతో తన వ్యవహారం చెల్లెలు బయటపెట్టేస్తుందేమోనని భయం వాడికి. పిల్ల లేచి వెళ్లిపోతుంది. సొంత అన్న, అదీ ప్రిఫెక్ట్, తన చిన్న గుట్టు దాచుకోవడానికి చెల్లెలి ప్రాణం మీదికి తెస్తాడు. తెలిసి చేయలేదు. అయినా చేశాడు. ఈ రెండు సన్నివేశాలూ సినిమాలో లేవు. సినిమా మాత్రమే చూసినవాడికి జిన్నీ హఠాత్తుగానే తేలుతుంది. నా ప్రసంగంలోని ఆ మోసం అన్న మాట సినిమా చూసి పుస్తకం మీద వేసిన నింద.

పెర్సీ ముఖ్యమైన పాత్ర కాదన్నాను, చూడండి.

ఇంకొకడున్నాడు. గిల్డరాయ్ లాక్‌హార్ట్. సినిమాలో కెనెత్ బ్రనా వేశాడు, నవ్వుకుంటూ చూశాను. పుస్తకంలో చదువుతుంటే నవ్వు రాలేదు. బడికి కొత్తగా వచ్చిన అయ్యవారు. పిల్లలు కొనాల్సిన పుస్తకాల్లో ఏడు ఈయన రాసినవే. మొదటి క్లాసులో పరీక్ష పెడతాడు. 54 ప్రశ్నలు, అన్నీ తన గురించే. పిశాచాల్ని జయించాను, తోడేలు మనుషుల్ని తరిమాను అని రాసుకున్నవన్నీ వేరేవాళ్లు చేసిన పనులు. వాళ్ల దగ్గరకు వెళ్లి, ఎలా చేశారో వివరంగా అడిగి తెలుసుకుని, వాళ్లకు అదేదీ గుర్తులేకుండా మంత్రం వేసేస్తాడు. వాడికి బాగా వచ్చిన మంత్రం అదొక్కటే.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. వేరేవాళ్ల చదువుతో పేరు తెచ్చుకోవడం నాకు కొత్త కాదు. కానీ ఏడో తరగతి పిల్లతో "అది ఇందులో లేదమ్మా, నువ్వు కలిపేసుకున్నావు" అన్నప్పుడు నేను చేసింది రెండో పని కూడా. తను చదివినదాన్ని తన బుర్రలోంచి చెరిపెయ్యబోయాను. అంత అందంగా, అంత ప్రేమగా.

ఇది రాసిన రౌలింగ్‌కి రెండో భాగం గురించి ఉన్న బెంగ తర్వాత తెలిసింది. మొదటిదానికి అంత పేరొచ్చాక ఇది దానికి తగ్గుతుందేమోనని ఆవిడ భయపడింది. రాతప్రతిని ప్రచురణకర్తలకు ఇచ్చేశాక కూడా వెనక్కి తెచ్చుకుని ఆరు వారాలు దిద్దుకుంది. ఆ ఏడాది పిల్లల పుస్తకాలకిచ్చే స్మార్టీస్ బహుమతి దీనికే వచ్చింది. రాసినామె అంత శ్రద్ధపడితే, దాని మీద తీర్పు చెప్పడానికి నేను పేజీ తిప్పే శ్రద్ధ కూడా పెట్టలేదు.

అమ్మానాన్నలు చూడ్డానికొచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాను. మా చెల్లెలితో ముందే చెప్పాను. "పిల్లలకు నేనేదో సర్దిచెబుతాలే అన్నయ్యా, నువ్వు రానక్కర్లేదు" అంది. సర్దిచెప్పొద్దన్నాను. సాయంత్రం చుట్టాలంతా వెళ్లిపోయాక లైబ్రరీ గదిలో పిల్లలు కూర్చున్నారు. నేను ఆ రోజు పుస్తకం చదవకుండా వచ్చానని, సినిమా చూసి మాట్లాడానని, డెత్‌డే పార్టీ పుస్తకంలో మొదటినుంచీ ఉందని చెప్పాను. ఏడో తరగతి అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు అడిగిందే అన్నిటికన్నా మంచి ప్రశ్న. నేనే తప్పు చెప్పాను. క్షమించమ్మా" అన్నాను.

ఆ పిల్ల సిగ్గుపడిపోయింది. తర్వాత అడిగింది: "ఇప్పుడు చదివేశారా సార్?"

"చదివేశాను."

"జిన్నీ అని మీకు ఎక్కడ తెలిసింది సార్?"

నాకు ముందే తెలుసు కాబట్టి ఆ అదృష్టం పోయిందని చెప్పాను. అయ్యో అన్నారు అందరూ, నిజంగా జాలిపడి. ఒకమ్మాయి సిరా దగ్గరే కనిపెట్టిందట. ఇంకొకామె హాగ్రిడ్ కోళ్లు చచ్చిపోతున్నప్పుడే పాము అనుకుందట. పెర్సీ మీద అనుమానపడ్డవాళ్లు చాలామంది. ఇక ఆగలేదు, గంటన్నర మాట్లాడారు. వాళ్ల హాస్టల్లోనూ చివరి బాత్రూం గురించి ఓ కథ ఉంది. రాత్రిపూట అటు ఒక్కరే వెళ్లరు. సీనియర్లు జూనియర్లకు చెబుతారు, ఆ జూనియర్లే పెద్దయ్యాక ఇంకొంచెం కలిపి కింది తరగతులకు చెబుతారు. అది అబద్ధమని అందరికీ తెలుసు. తోడు లేకుండా మాత్రం వెళ్లరు.

విషయసూచిక చూపించిన ఐదో తరగతి పిల్ల అంతసేపూ మాట్లాడలేదు. ఆమె గురుకులంలో చేరి కొన్ని నెలలే అయింది. చివర్లో మెల్లగా అంది: "జిన్నీ తప్పు లేదు సార్. ఆమెకు చెప్పుకోడానికి ఎవరూ లేరు."

అంతే. ఇంతకన్నా సరిగ్గా ఈ నవలను గురించి చెప్పినవాళ్లను నేను చూడలేదు. ఇనపట్రంకు పెట్టెతో కొత్తగా వచ్చి, దుప్పటి కప్పుకుని ఏడ్చి, పొద్దున్నే అసెంబ్లీలో నిలబడే పిల్లకు తెలిసినట్టు ఇది నాకెలా తెలుస్తుంది? పాము, రహస్యపు గది, కత్తి అన్నీ పైకి కనిపించేవి. ఓ కొత్తపిల్ల ఏడాదంతా పాలిపోయి తిరుగుతుంటే జలుబు అనుకుని పట్టించుకోని బడి కథ ఇది. దాన్ని 30 పడకల డార్మిటరీలో పడుకునే పిల్లలు మొదటిసారే పట్టుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్ల పక్కన ఓ పెద్దపిల్లను పడుకోబెట్టాలని తామే ఓ కట్టుబాటు పెట్టుకున్నామని కూడా చెప్పారు. ఈ పుస్తకం చదివాకేనట.

వాళ్ల లైబ్రరీలో రెండో భాగం ఒక్క కాపీయే ఉంది. చేతులు మారి మారి కుట్టు ఊడి, ఆఖరి అధ్యాయం పేజీలు విడిగా దారంతో కట్టి ఉన్నాయి. నా కాపీ ఇచ్చి వచ్చాను. మీ ఊరి దగ్గరా ఏదో గురుకులమో హాస్టలో ఉంటుంది. మీ ఇంట్లో ఈ పుస్తకం పడి ఉంటే అక్కడ ఇవ్వండి. కానీ ఇచ్చేముందు ఒకసారి మీరు చదవండి. ఆ పిల్లలు తప్పకుండా ప్రశ్నలడుగుతారు.